ట్రాక్టరు యంత్రము: పుట్టుకయు, నిదానమును



ఆయుర్వేదమున మాధవనిదానమను గ్రంథము కలదు. రోగమును గుర్తించు విధమును చెప్పుటయే దాని పని. నిదానము తెలియక చికిత్సకు పూనుకొన్నవాడు రోగినిగూడ పోగొట్టుకొనును. మన పొలములలోని ట్రాక్టరునకును ఈ న్యాయమే చెల్లును. దాని పుట్టుక తెలిసినవానికి దాని రోగము సులభముగా తెలియును.

జర్మను దేశీయుడగు రుడాల్ఫ్ డీజిల్ తన యంత్రమును 1897లో ఆగ్స్‌బర్గు పట్టణమున నడిపి చూపెను. దాని మూలసూత్రమిది: గాలిని మిక్కిలి గట్టిగా ఒత్తినచో అది తనంతట తానే కాగును. సైకిలుకు గాలి కొట్టినవారందఱును పంపు గొట్టము వేడెక్కుట నెఱుగుదురు. డీజిలు ఇంజనులో గాలి సుమారు పదునాఱవ వంతునకు ఒత్తబడి, 500 డిగ్రీలకు మించి కాగును. అందు నూనె చిమ్మినంతనే మంట పుట్టును, నిప్పురవ్వతో పనిలేదు. 1900లో పారిస్ ప్రదర్శనమున ఈ జాతి యంత్రమొకటి వేరుసెనగ నూనెతో నడచినది.

అయినను తొలినాటి ఇంజనులు మహాకాయములు. నూనెను చిమ్ముటకు గాలినొత్తు వేఱొక యంత్రము వానికి తోడు కావలసియుండెను. 1927లో బాష్ కంపెనీ వారు చిన్న ఇంజెక్షను పంపులను విరివిగా చేయసాగిరి. చిన్న ఇంజనులకు దారి అప్పుడు తెఱపి యయ్యెను.

ఇక నాగలి నెత్తు హైడ్రాలిక్ సంగతి. మూసిన పాత్రలోని ద్రవమును ఒకచోట ఒత్తిన, ఆ ఒత్తిడి అన్నివైపులకు సమముగా వ్యాపించునని 17వ శతాబ్దమున ఫ్రాన్సు దేశపు పాస్కల్ కనుగొనెను. ఐర్లండు వాడగు హారీ ఫెర్గూసన్ ఆ సూత్రముతో నాగలిని మూడుచోట్ల ట్రాక్టరునకు బిగించి, నూనె ఒత్తిడితో ఎత్తుచు దించు ఏర్పాటును 1936లో వెలువడిన తన ట్రాక్టరున అమర్చెను. నాగలి రాతికి తగిలి బండి వెనుకకు తిరగబడు ప్రమాదము దీనివలన తగ్గెను.

విశాఖపట్టణపు రేవు 1933లో ఓడలకు తెఱవబడినది. 1957లో మల్కాపురము చెంత కాల్టెక్సు వారి చమురు శుద్ధి కర్మాగారము వెలసినది. 1978 నుండి అది హిందూస్థాన్ పెట్రోలియము వారిది. ఓడలో వచ్చిన ముడి చమురు అచట డీజిలుగా మాఱి, లారీలెక్కి మన ప్రాంతపు బంకులకు చేరుచున్నది. 1959లో ఫరీదాబాదున ఐషరు వారును, పిమ్మట మద్రాసున టాఫే వారును ట్రాక్టరులు చేయ మొదలిడిరి. ఇట్లు నూనెయు వచ్చినది, బండియు వచ్చినది. వాని మర్మమును గ్రహించుట మాత్రము వెనుకబడినది.

నా తమ్ముని ట్రాక్టరు ఒకయేట దమ్ము నడుమ డీజిలు పూర్తిగా అయిపోయి నిలిచెను. నూనె పోసిరి, ఇంజను పలుకలేదు. పట్టణమునుండి వచ్చిన పనివాడు పంపు చెడినదనెను. విప్పుమని చెప్పినవారిలో నేనును ఒకడను. మూడుదినములు గడచినవి, మా నీటివంతు దాటిపోయినది, నారు ముదిరినది. బాగుచేసి తెచ్చిన పంపును బిగించినను ఇంజను కదలలేదు. అప్పుడొక వృద్ధ డ్రైవరు వచ్చి, ఫిల్టరు మీది మరను కొంచెము వదులుచేసి, చేతిపంపు నొత్తెను. మొదట నురుగు వచ్చెను. పిమ్మట బుడగలు లేని నూనె వచ్చెను. మర బిగించి తిప్పగానే ఇంజను మ్రోగెను. ఖాళీయైన గొట్టములలో గాలి చేరుటయే రోగము. దీనినే ఎయిర్ లాకందురు. పంపునకు ఏ దోషమును లేదు.

కావున ముందుగా మూడింటిని పరీక్షింపుడు: గాలి వచ్చుచున్నదా, నూనె చేరుచున్నదా, ఒత్తిడి నిలుచుచున్నదా? పొగయే నాడి. నల్లపొగ వచ్చిన గాలి చాలలేదనియో, నూనె మించినదనియో అర్థము. మొదట ఎయిర్ ఫిల్టరును శుభ్రపఱుపవలెను. నీలిపొగ వచ్చిన ఇంజనాయిలు కాలుచున్నది. పిస్టను రింగులు అరిగియుండవచ్చును. ఇంజను వేడెక్కినను తెల్లపొగ విడువనిచో ఒత్తిడి తగ్గినదో, నాజిలు చెడినదో, లోనికి నీరు చేరినదో చూడవలెను.

లిఫ్టు లేవనప్పుడు ముందు నూనెమట్టమును, పిదప ఫిల్టరును చూడుడు. లేచిన నాగలి తనంతట తాను దిగుచున్నచో లోపలి సీలునందో వాల్వునందో నూనె జాఱుచున్నది.

ఒక మాట మఱువకుడు. ఎత్తిన నాగలిని మోయునది నూనె ఒత్తిడి యొక్కటే. అది జాఱిన నాగలియు జాఱును. దిమ్మె పెట్టక దానిక్రింద చేయి చాపరాదు. నాజిలునుండి చిమ్ము నూనె చర్మమును చీల్చి లోనికి దూఱును. అట్లయిన గాయము సూదిమొనంతయే యున్నను, వెంటనే ఆసుపత్రికి పోవలెను.

మీ యూరి పిల్లవాడు రెంచి చేత పట్టినప్పుడు, విప్పుటకు ముందు ఏమి చూచితివని యడుగుడు. ఆ ప్రశ్న నాడు నేను అడిగియుండిన, మా నారు ముదిరియుండెడిది కాదు.