మ్యాట్

షూటింగుల్లో ‘గ్రీన్ మ్యాట్ కట్టారా?’ అన్న కేక మామూలే. ఇది కింద పరిచే మ్యాట్ కాదు. మెరుపు లేనిదని అర్థమున్న ఫ్రెంచి మాట. ఫిల్ములో కొంత మేర వెలుగు సోకకుండా మూసి, తర్వాత అక్కడే ఇంకో బొమ్మ నింపేవారు. 1898లోనే ఫ్రెంచి దర్శకుడు జార్జి మెలియేస్ నల్లతెర సాయంతో తన తలను నాలుగు చేశాడు. ఎంత తెలివి!

ఇప్పుడు ఆ మూసే పని ఆకుపచ్చ తెరది. కానీ మంటను తీయడానికి అది నప్పదు. నాలుకల అంచులు పలచన, వెనక రంగు వాటిలోంచి తొంగిచూస్తుంది. నలుపే కావాలి. ధర్మపురిలో హోలీ కామదహనం మంట తీస్తే గోదావరి వైపు చీకటి వెనక పడేలా కెమెరా పెట్టి, ఎక్స్‌పోజర్ తగ్గించాలి. ఎడిటింగులో ఆ మంటను ఇంకో బొమ్మ మీద వేసి ‘స్క్రీన్’ అనే బ్లెండ్ మోడ్ పెడితే నలుపు మాయమై మంట నిలుస్తుంది. నల్లపొగ కూడా పోతుంది; దాన్ని విడిగా తీసుకోవాల్సిందే.