పతితుల ప్రశ్న: మూడవ శతాబ్ది క్రైస్తవ సంఘంలో మానవ దౌర్బల్యం, దైవక్షమ

ఉపోద్ఘాతం

మానవుడు బలహీనుడు, దేవుడు క్షమాశీలి అన్న రెండు భావాలు క్రైస్తవ విశ్వాసానికి ఆధారాలు. పేతురు తన గురువును ఎరుగనని ముమ్మారు బొంకిన వృత్తాంతం నాలుగు సువార్తలలోనూ ఉంది. ఆ పేతురే తరువాత అపొస్తలులలో అగ్రగణ్యుడయ్యాడు. ఒక వ్యక్తి విషయంలో ఇంత సులభంగా అంగీకరించగలిగిన సత్యం, సంఘంలో ఎందరో ఒకేసారి పేతురువలె తడబడినప్పుడు క్లిష్ట సమస్యగా మారింది. క్రీ.శ. 250 ప్రాంతంలో కార్తేజ్, రోమా సంఘాలలో చెలరేగిన ‘పతితుల’ వివాదాన్ని ఆధారం చేసుకొని ఆ సమస్య స్వరూపాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

డేసియస్ శాసనం, పతనం

రోమా చక్రవర్తి డేసియస్ (249–251) సామ్రాజ్యవాసులందరూ దేవతలకు బలి అర్పించి తీరాలని శాసించాడు. బలి అర్పించినవారికి అధికారులు ధ్రువపత్రం ఇచ్చేవారు. అటువంటి పత్రాలు ఈజిప్టులో పపైరస్ ప్రతులుగా లభించాయి. పత్రం కోరిన వ్యక్తి తాను ఎల్లప్పుడూ దేవతలను ఆరాధించినవాడినేనని, ఇప్పుడు అధికారుల సమక్షంలో బలి ఇచ్చి నైవేద్యం రుచి చూశానని వాటిలో విన్నవించుకొంటాడు.

రోమా బిషప్పు ఫేబియన్ 250 జనవరిలో హతసాక్షి అయ్యాడు. కాని ఎందరో క్రైస్తవులు లొంగిపోయారు. కొందరు బలి ఇచ్చారు, కొందరు ధూపం మాత్రం వేశారు, మరికొందరు బలి ఇవ్వకుండానే లంచమిచ్చి పత్రం సంపాదించారు. బలవంతం రాకముందే బలిపీఠాల వద్దకు పరుగెత్తినవారూ ఉన్నారని కార్తేజ్ బిషప్పు సిప్రియన్ వేదనతో రాశాడు. అతడు కూడా ఆ కాలంలో అజ్ఞాతంలోకి వెళ్లినవాడే. అందుకు రోమా సంఘ పెద్దలు అతణ్ణి పరోక్షంగా ఆక్షేపించారు. కనుక ఇతరుల దౌర్బల్యాన్ని విచారించవలసిన వ్యక్తే స్వయంగా విమర్శకు గురైన స్థితి అది.

మూడు మార్గాలు

హింస సడలగానే పతితులు తిరిగి సంఘద్వారం తట్టారు. వారి విషయంలో మూడు వైఖరులు ఏర్పడ్డాయి. చెరలో యాతనలు సహించిన విశ్వాసవీరులు పతితులకు సమాధానపత్రాలు రాసి ఇచ్చారు. వాటిని చూపితే చాలు, కొందరు పెద్దలు వారిని ప్రభుభోజనానికి అనుమతించారు. ఇది మొదటి మార్గం. రోమాలో నొవేషియన్ దీనికి పూర్తిగా విరుద్ధమైన మార్గం పట్టాడు. 251లో కార్నీలియస్ బిషప్పుగా ఎన్నికైనప్పుడు అతడికి పోటీగా నిలిచి, పతితులను సంఘం ఎన్నటికీ చేర్చుకోరాదన్నాడు. ఇక్కడ గమనించవలసిన అంశం ఒకటుంది. నొవేషియన్ పక్షం దైవక్షమను నిరాకరించలేదు. పతితులు పశ్చాత్తాపపడవలసిందే, క్షమించడం మాత్రం దేవుని పని, సంఘానిది కాదు అన్నది వారి వాదం. అంటే వివాదం దేవుడు క్షమిస్తాడా అన్నదానిపై కాదు, ఆ క్షమను భూమిమీద ప్రకటించే అధికారం ఎవరిదన్నదానిపై.

సిప్రియన్‌ది మధ్యేమార్గం. 251 నాటి కార్తేజ్ సభ పతనాన్ని అంతటినీ ఒకే గాటన కట్టలేదు. పత్రం మాత్రమే పొందినవారిని ఒక్కొక్కరినీ విచారించి చేర్చుకోవాలని, బలి ఇచ్చినవారు దీర్ఘకాలం పశ్చాత్తాపంలో ఉండి మరణసమయంలో సమాధానం పొందాలని నిర్ణయించింది. కొంతకాలానికే, గల్లుస్ పాలనలో (251–253) మరో హింస సూచనలు కనిపించగా, పశ్చాత్తాపంలో నిలిచినవారందరినీ చేర్చుకోవడానికి సంఘం సమ్మతించింది. రానున్న పోరాటానికి వారిని నిరాయుధులుగా పంపరాదన్నది సిప్రియన్ హేతువు. క్షమ ఇక్కడ గతానికి మాఫీ మాత్రమే కాదు, భవిష్యత్తుకు బలం కూడా. సిప్రియన్ సైతం 258లో శిరచ్ఛేదానికి తలవంచి హతసాక్షి అయ్యాడు.

ఫలితాలు

ఈ పరిష్కారానికి మూల్యం లేకపోలేదు. క్షమను ప్రకటించే అధికారం యాతనలు సహించినవారి నుంచి బిషప్పు పదవికి బదిలీ అయింది. పశ్చాత్తాపానికి కాలపరిమితులు ఏర్పడ్డాయి. 325 నాటి నైసియా సభ, లిసీనియస్ కాలంలో బలవంతం లేకుండానే పతనమైనవారికి మొత్తం పన్నెండు సంవత్సరాల దశలవారీ పశ్చాత్తాపం విధించింది. అయినా మరణాసన్నులకు ప్రభుభోజనం నిరాకరించరాదని అదే సభ శాసించింది. నొవేషియన్ శాఖ నుంచి తిరిగివచ్చే మతాధికారులు పతితులతో సహవాసానికి లిఖితపూర్వకంగా అంగీకరించాలనీ నియమం పెట్టింది.

తెలుగు బైబిలులో పశ్చాత్తాపానికి వాడిన ‘మారుమనస్సు’ అన్న మాట మూల గ్రీకు పదంలోని మనఃపరివర్తన అనే అర్థానికి సన్నిహితమైనది. సంవత్సరాలతో కొలిచిన క్రమశిక్షణ వెనుక సంఘం వెదికినది ఆ మార్పునే. కాని మనస్సు మారడాన్ని కాలంతో కొలవవలసి రావడమే ఆ వ్యవస్థలోని ఇబ్బంది.

ముగింపు

పతితుల వివాదంలో సంఘం తన్నుతాను నిర్వచించుకొంది. పవిత్రులు మాత్రమే మిగిలిన సమూహంగా ఉండాలా, పడి లేచినవారికి కూడా చోటిచ్చే సమూహంగా ఉండాలా అన్న ప్రశ్నకు అది రెండవ సమాధానాన్ని ఎంచుకొంది. హతసాక్షుల త్యాగం చులకన కాకుండా, పతితుల ఆశ అణగారకుండా నడవడం కష్టసాధ్యమైన పని. ఆ ప్రయత్నంలో సంఘం తన నిర్ణయాలను తానే సవరించుకోవలసి వచ్చింది. దైవక్షమను ప్రకటించే మానవవ్యవస్థ కూడా దౌర్బల్యానికి అతీతం కాదని ఈ చరిత్ర నిరూపిస్తున్నది.