ఇంజన్ ఆయిల్ డబ్బా మీద మా చల్క చేను పేరు

పోయిన నెల నల్లగొండలో ఒక స్పేర్ పార్ట్స్ షాపు ముందు నేను, మా నాయిన దాదాపు అరగంట నిలబడ్డాం. విషయం చాలా చిన్నది. నేను సెకండ్ హ్యాండ్‌లో ఒక టర్బో పెట్రోల్ కారు కొన్నా. ఆయిల్ మార్చాలి. షాపతను కౌంటర్ మీద రెండు డబ్బాలు పెట్టిండు. ఒకటి మినరల్, ఒకటి సింథటిక్. రేటులో తేడా ఇంచుమించు రెండింతలు.

"సింథటిక్ ఏస్కో తమ్మీ, ఫారిన్ టెక్నాలజీ" అన్నడు షాపతను.

నాయిన నన్ను పక్కకు పిలిచి అడిగిండు: "పైసలు ఎక్కువ పెడితే ఇంజన్ నిజంగ ఎక్కువ రోజులు ఒస్తదా, లేకపోతే పేరుకేనా?"

ఈ ప్రశ్న వేరే ఎవరైనా అడిగితే నేను గూగుల్ చేసి ఏదో ఒకటి చెప్పేవాణ్ణి. నాయిన అడిగితే అట్ల కుదరదు. నేను తొమ్మిదో క్లాసులో ఉన్నప్పుడు మాకొక పాత డీజిల్ జీపు ఉండేది. దేవరకొండ, మల్లేపల్లి, కల్వకుర్తి రూట్‌లో కిరాయికి తిప్పేవాడు. చేతిలో పైసలు లేనప్పుడు డ్రమ్ములోంచి కొలిచి పోసే లూజ్ ఆయిల్ వేయించేవాడు. ఒక మే నెల మధ్యాహ్నం జీపు నిండా జనం ఉండగా ఇంజన్ పట్టేసింది. మెకానిక్ విప్పి చూసి "అన్నా, బోర్‌కి వచ్చింది" అన్నడు. ఆ ఏడాది మా ఆముదాలు అమ్మిన పైసలు మొత్తం ఆ ఇంజన్‌లోకే పోయినయ్. అయినా జీపు నిలబడలేదు, తర్వాతి ఏడాది అమ్మేసినం.

ఆముదాలు అన్నా కదా, ఇవాళ్టి ఎపిసోడ్ అంతా అక్కణ్ణుంచే మొదలవుతుంది. నేను బీటెక్ చదివింది కంప్యూటర్ సైన్స్, ఆటోమొబైల్ కాదు. కానీ "ఫారిన్ టెక్నాలజీ" అన్న ఆ మాట పట్టుకుని వెనక్కి తవ్వుకుంటూ పోతే, చివరికి మా తాత చేను గట్టు మీద తేలిన.

ముందు మన బండ్ల సంగతి. మోటారు రాకముందు మన ఊళ్లల్లో తిరిగింది ఎద్దుల బండి. చక్రం ఇరుసు మీద తిరుగుతుంటే రాపిడి పుడుతుంది, అరుగుతుంది, కీచుమంటుంది. దానికి మనవాళ్లు పెట్టింది కందెన. ఆముదంలో గడ్డి కాల్చిన మసి కలిపి చేసేవాళ్లు. ఇప్పటి భాషలో చెప్పాలంటే ఆముదం బేస్ ఆయిల్, మసి అడిటివ్. నేను కామెడీ చేయట్లేదు. ఇవాళ మీ కారులో పోసే ఆయిల్ కూడా ఇట్లనే ఉంటుంది. ఎక్కువ భాగం బేస్ ఆయిల్, మిగతాది అరుగుదల తగ్గించే, మురికి పట్టి ఉంచే మందులు. కందెన గొట్టం బండి కిందనే వేలాడుతుండేది. మా నానమ్మ ఆముదం ఇంట్లోనే వండేది. గింజలు వేయించి, దంచి, నీళ్లల్లో ఉడికిస్తే నూనె పైకి తేలుతుంది. వంటాముదం అంటే అదే. దీపానికీ అదే, నెత్తికీ అదే, ఇరుసుకీ అదే.

మరి ఆముదమే ఎందుకు? వేరే నూనెలు లేవా? ఇక్కడ కొంచెం కెమిస్ట్రీ ఉంది, స్కిప్ చేయకండి. ఆముదంలో దాదాపు 90 శాతం రిసినోలిక్ ఆమ్లం ఉంటుంది. దాని గొలుసు మధ్యలో ఒక హైడ్రాక్సిల్ గుంపు వేలాడుతుంటుంది. పల్లి నూనెలో, నువ్వుల నూనెలో ఉండే ఆమ్లాలకు అది ఉండదు. దానివల్ల రెండు పనులు జరుగుతాయి. ఒకటి, నూనె చాలా చిక్కగా ఉండి, లోహానికి గట్టిగా అంటుకుంటుంది. రెండోది, పెట్రోల్‌లో అంత తేలిగ్గా కరగదు. ఈ రెండో గుణం గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో దాంతో విమానాలు ఎగురుతాయి.

పంట వైపు నుంచి చూస్తే, ఎర్ర చల్క నేల, తక్కువ వాన, బావిలో నీళ్లు లేవు. అలాంటి చోట కూడా వచ్చే పంట ఆముదం. పాత నల్లగొండ, పాత మహబూబ్‌నగర్ జిల్లాల్లో అది పేదోడి వాణిజ్య పంట. నిజాం రాష్ట్రం దేశంలో ఆముదం బాగా పండే ప్రాంతాల్లో ఒకటి. అప్పటి రైళ్ల వాళ్లు కూడా దీన్ని దీపాలకు, యంత్రాలకు వాడేవాళ్లు.

అదే కాలంలో అమెరికాలో ఇంకో కథ నడుస్తోంది. 1859లో పెన్సిల్వేనియాలో డ్రేక్ బావి తవ్వి ముడిచమురు తీశారు. 1866లో జాన్ ఎల్లిస్ అనే డాక్టరు ఆ ముడిచమురు మందుగా పనికొస్తుందేమో అని పరీక్షలు చేస్తూ, అది స్టీమ్ ఇంజన్ వాల్వులకు బాగా పనిచేస్తుందని కనిపెట్టాడు. అప్పటిదాకా అక్కడ వాడింది జంతువుల కొవ్వు. తర్వాత దానికి వాల్వోలిన్ అని పేరు పెట్టాడు. మనం ఇవాళ మినరల్ ఆయిల్ అంటున్నది ఈ వంశమే.

ఇక లండన్. చార్ల్స్ వేక్‌ఫీల్డ్ అనే ఆయన 1899లో లూబ్రికెంట్ల కంపెనీ పెట్టాడు. కార్లు, విమానాలు కొత్తగా వస్తున్న రోజులు. ఆ ఇంజన్లు చాలా స్పీడుగా తిరుగుతాయి, వేడెక్కుతాయి. అప్పట్లో దొరికే మినరల్ ఆయిల్ చలికి గడ్డకట్టేది, వేడికి నీళ్లలా పలచబడేది. వీళ్లు అందులో ఆముదం కలిపి చూశారు, పని జరిగింది. ఆముదాన్ని ఇంగ్లీషులో క్యాస్టర్ ఆయిల్ అంటారు కదా. 1909లో ఆ పేరులోంచే కొత్త నూనెకు క్యాస్ట్రాల్ అని పెట్టారు. మరుసటి ఏడాది 1910లోనే ఆ కంపెనీ నూనెలు ఇండియాకు రావడం మొదలైంది. అంటే షాపతను చూపించిన "ఫారిన్" డబ్బాల వరసలో ఒకదాని మీద ఉన్న పేరు అసలు మన ఆముదమే.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఆముదం నేరుగా ఆకాశంలోకే పోయింది. అప్పటి ఫైటర్ విమానాల్లో చాలావాటికి రోటరీ ఇంజన్ ఉండేది. నోమ్, లె రోన్, క్లెర్జె, ఇవి పేర్లు. ఇందులో విచిత్రం ఏంటంటే క్రాంక్ షాఫ్ట్ కదలదు, సిలిండర్లన్నీ ప్రొపెల్లర్‌తో పాటు గిరగిరా తిరుగుతాయి. పెట్రోల్, గాలి కలిసిన మిశ్రమం క్రాంక్ కేసులోంచే పోవాలి. అక్కడ మినరల్ ఆయిల్ ఉంటే పెట్రోల్ దాన్ని కరిగించి కడిగేస్తుంది. ఆముదం కరగదు. గుర్తుంది కదా? అందుకే అది తప్ప వేరే దారి లేదు. నూనె తిరిగి ట్యాంకులోకి రాదు, కాలిపోగా మిగిలింది బయటికి చిమ్ముతుంది. పైలట్ మొహం, కళ్లద్దాలు, స్కార్ఫ్ అంతా ఆముదమే. ఆ పొగ పీల్చి పైలట్లకు కడుపు కదిలేదని కూడా చెప్పుకునేవాళ్లు. చిన్నప్పుడు నానమ్మ ముక్కు మూసి ఆముదం తాగించిన వాళ్లెవరైనా ఉంటే, ఆ బాధ మీకు తెలుసు.

1917లో అమెరికా యుద్ధంలోకి దిగాక వాళ్లకు ఆముదం కొరత వచ్చింది. ఆసియా నుంచి విత్తనాలు తెప్పించి, లక్ష ఎకరాలకు పైగా వేయడానికి సరిపడా కూడబెట్టారు. యుద్ధ విమానాల కోసం ఒక ప్రభుత్వం ఆముదం సాగు చేయించిందంటే చూడండి. కానీ ఈలోపు వాళ్ల లిబర్టీ ఇంజన్ మినరల్ ఆయిల్‌తోనే నడిచింది. రోటరీ ఇంజన్ల కాలం కూడా యుద్ధంతోనే అయిపోయింది.

ఆముదం ఎందుకు ఓడిపోయిందో నిజాయితీగా చెప్పాలి. మనదని నెత్తిన పెట్టుకుంటే హిస్టరీ అవ్వదు. వేడికి, గాలికి అది జిగురుగా మారుతుంది, ఇంజన్ లోపల వార్నిష్‌లా అంటుకుంటుంది. ఆ ఇంజన్లను కొన్ని పదుల గంటలకే విప్పి గీకాల్సి వచ్చేది. రేసు కార్లకు అది సమస్య కాదు, ప్రతి రేసు తర్వాత ఎట్లాగూ విప్పుతారు. అందుకే ఆముదంతో చేసిన క్యాస్ట్రాల్ ఆర్ రేసుల్లో చాలా కాలం నడిచింది. రోజూ ఆఫీసుకు పోయే కారుకు మాత్రం అది పనికిరాదు. దయచేసి ఈ వీడియో చూసి ఇంట్లో సీసాలో ఉన్న ఆముదం ఇంజన్‌లో పోయకండి.

సింథటిక్ దగ్గరికి వద్దాం. చమురులోంచి వడగట్టి తీయకుండా, చిన్న అణువులను కావాల్సిన విధంగా కలిపి నూనె తయారుచేయడం 1929లోనే అమెరికాలో ఒక కంపెనీ చేసి చూపించింది. మినరల్ చవగ్గా దొరుకుతుంటే దీన్నెవరు కొంటారు? ఎవరూ పట్టించుకోలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో చమురు కరువైన జర్మనీకి అవసరం పడింది. ఆ వెంటనే జెట్ ఇంజన్లు వచ్చాయి. పైన గడ్డకట్టే చలి, బేరింగుల దగ్గర మాడ్చే వేడి. రెండింటినీ ఒకే నూనె తట్టుకోవాలి, మినరల్ వల్ల కాలేదు. అప్పుడు పనికొచ్చినవి డైఎస్టర్లు అనే సింథటిక్ నూనెలు. వాటిలో ముఖ్యమైనది సెబాసిక్ ఆమ్లంతో చేసేది.

మరి సెబాసిక్ ఆమ్లం దేంతో చేస్తారు? ఆముదంతో. ఆముదాన్ని కాస్టిక్ సోడాతో బాగా వేడిచేస్తే, ఆ రిసినోలిక్ గొలుసు సరిగ్గా ఆ హైడ్రాక్సిల్ దగ్గరే విరిగి పది కార్బన్ల సెబాసిక్ ఆమ్లం వస్తుంది. ఇది చదివిన రాత్రి నేను ల్యాప్‌టాప్ మూసేసి కాసేపు ఊరికే కూర్చున్నా. పాతకాలపు నూనె అని పక్కన పెట్టిన ఆముదమే, తొలి జెట్ సింథటిక్‌లకు ముడిసరుకు. అప్పట్లో ప్రపంచానికి ఆముదం పంపే పెద్ద దేశాలు రెండే, బ్రెజిల్, ఇండియా. మా తాత అమ్మిన బస్తా ఎక్కడిదాకా పోయిందో ఆయనకు తెలియదు. ఆయనకు తెలిసింది దళారి చెప్పిన రేటు ఒక్కటే.

జెట్‌ల నుంచి కార్లకు రావడానికి ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది. అమెరికాలో ఫైటర్ స్క్వాడ్రన్ కమాండర్‌గా చేసిన ఆల్ అమటూజియో, విమానంలో వాడేది కారులో ఎందుకు వాడకూడదని 1972లో ఆమ్‌సాయిల్ తెచ్చాడు. 1974లో మొబిల్ 1 వచ్చింది.

నాయిన అడిగిన "పేరుకేనా" అన్న ప్రశ్నకు అసలు జవాబు 1999లో ఉంది. బేస్ ఆయిళ్లను ఐదు గ్రూపులుగా విడగొడతారు. ఒకటి, రెండు, మూడు చమురులోంచి వచ్చేవే, కాకపోతే మూడోదాన్ని హైడ్రోజన్‌తో తీవ్రంగా శుద్ధి చేస్తారు. నాలుగోది పీఏఓ, కట్టి చేసిన సింథటిక్. ఐదోది మిగతావన్నీ, మన ఎస్టర్లు అందులోనే. 1990ల చివర్లో క్యాస్ట్రాల్ తన సింథటిక్ ఆయిల్‌లో నాలుగో గ్రూపు తీసేసి మూడో గ్రూపు వాడటం మొదలుపెట్టింది, డబ్బా మీద మాత్రం సింథటిక్ అనే ఉంచింది. మొబిల్ గొడవపెట్టింది. యాడ్స్ మీద తగువులు తీర్చే అమెరికన్ సంస్థ 1999లో క్యాస్ట్రాల్ వైపే చెప్పింది. శుద్ధిలో అణువులు అంతగా మారిపోయాక సింథటిక్ అనొచ్చని. అప్పటినుంచి ఆ మాట ఒక రసాయనం పేరు కాదు, మార్కెట్ పేరు. ఇవాళ చాలా "ఫుల్లీ సింథటిక్" డబ్బాల్లో ఉండేది బాగా కడిగిన చమురే. అది చెడ్డదని కాదు, నిజంగా మంచి నూనే. కానీ మాట చూసి రెండింతలు పెట్టొద్దు.

మరి ఏం చూడాలి? మాన్యువల్‌లో రాసిన గ్రేడు, ఏపీఐ లేదా ఏసీఈఏ నంబరు. 5డబ్ల్యూ-30లో డబ్ల్యూ అంటే వింటర్. 15డబ్ల్యూ నూనెను మైనస్ 20 డిగ్రీల దగ్గర, 5డబ్ల్యూని మైనస్ 30 దగ్గర పరీక్షిస్తారు. నల్లగొండలో సంక్రాంతి పొద్దుగాల కూడా మనకు అంత చలి లేదు. కాబట్టి చలి పేరు చెప్పి సింథటిక్ అమ్మితే నవ్వి ఊరుకోండి. మన సమస్య ఎండ, ట్రాఫిక్, టర్బో. టర్బో బేరింగు దగ్గర నూనె మాడి బొగ్గవుతుంది, అక్కడ మంచి బేస్ ఆయిల్ తేడా చూపిస్తుంది. టర్బో లేని పాత ఇంజన్‌కు, మాన్యువల్ మినరల్ చాలంటే, సరైన గ్రేడు మినరల్ టైముకు మార్చడమే ఖరీదైనది వేసి మర్చిపోవడం కంటే నయం. డీజిల్‌లో నూనె తొందరగా నల్లబడుతుంది, అది మసిని పట్టి ఉంచుతోందని అర్థం, రంగు చూసి భయపడొద్దు. సీలు చూసి కొనండి. ఖాళీ డబ్బాకు మేకుతో బొక్క పెట్టండి, మళ్లీ ఎవరూ నింపి అమ్మకుండా. లూజ్ ఆయిల్ సంగతి మా జీపు చెప్పేసింది.

నాకు మాన్యువల్ ప్రకారం 5డబ్ల్యూ-30 సింథటిక్ తీసుకున్నా. నాయిన ఇప్పుడు నడిపే పాత డీజిల్ బండికి 15డబ్ల్యూ-40 మినరల్. దారిలో ఈ ఆముదం కథంతా చెప్పిన. అంతా విని ఒక్కటే అడిగిండు: "మరి మన ఆముదాలకు గా రేటెందుకు రాలే?"

దానికి నా దగ్గర సగం జవాబే ఉంది. రాజేంద్రనగర్‌లో నూనెగింజల పరిశోధన సంస్థ 1977 నుంచి ఉంది. పాలెం పరిశోధన కేంద్రం క్రాంతి, హరిత, కిరణ్ లాంటి రకాలు ఇచ్చింది. కానీ వాన పడితే గెలకు బూజు, పడకపోతే గింజ తాలు, మధ్యలో దాసరి పురుగు. గుజరాత్ 1968లోనే జీసీహెచ్-3 హైబ్రిడ్ తెచ్చి, నీళ్లు పెట్టి పండించి, మార్కెట్ మొత్తం అటు లాక్కుంది. మనవాళ్లు చల్కలో కూడా పత్తి వేశారు. మా చేన్లో కూడా ఇప్పుడు పత్తే. గట్టు మీద మాత్రం నానమ్మ కోసం వదిలిన నాలుగు ఆముదం చెట్లున్నయ్.

వచ్చే ఎపిసోడ్‌లో ఆ గింజలతో నానమ్మ వంటాముదం వండుతుంది, కెమెరా నేను పడతా. ఈలోపు మీ ఇంటి అటక మీద పాత కందెన గొట్టం ఎక్కడైనా కనిపిస్తే ఫోటో తీసి, ఊరి పేరు రాసి పంపండి. మాది ఎద్దుల బండితో పాటే పోయింది.