నెల్లూరు పన్ను, చేపాక్ మహలు

మద్రాసు చూడబోయిన నెల్లూరు వారు సముద్రతీరంలో నడుస్తూ చేపాక్ వైపు ఒకసారి చూసి సాగిపోతారు. ఎర్రని గుమ్మటాలు కనబడతాయి, ఏదో సర్కారు కచేరీ అనుకుంటారు. నిజమే, ఇప్పుడది కచేరీయే. కాని ఆ గోడల్లో మన జిల్లా రైతు కట్టిన పన్ను కూడా ఉన్నది.

1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్ర రాష్ట్రం ఏర్పడే వరకు మన రాజధాని మద్రాసే. అంతకు పూర్వమూ నెల్లూరు సీమ ఆర్కాటు నవాబులదే. నవాబు ముహమ్మదలీ వాలాజా తమ్ముడు నజీబుల్లా ఇక్కడ పాలకుడుగా ఉండి అన్నను ధిక్కరించాడు. 1757లో కంపెనీ సేనాని ఫోర్డు నవాబు పక్షాన వచ్చి నెల్లూరు కోటను ముట్టడించి, పట్టుకోలేక వెనుదిరిగాడు.

ఆ అన్నగారే ఆర్కాటు విడిచి, 1768లో కంపెనీ ఫిరంగుల నీడన చేపాక్ మహలు కట్టించుకొన్నాడు. నీడకు అద్దె ఉంటుంది కదా! యుద్ధాల ఖర్చు నవాబు లెక్కలో పడింది. కంపెనీ ఉద్యోగులే వడ్డీకి అప్పులిచ్చారు. మహలు కట్టించిన ఇంజనీరుగా చెప్పబడే పాల్ బెన్‌ఫీల్డు కూడా ఆ ఋణదాతల్లో ఒకడు. తరువాత విచారణ సంఘం ముందుకు వచ్చిన బాకీలు 3 కోట్ల పౌన్లకు పైమాటే. పరిశీలించగా అందులో పదోవంతు కూడా న్యాయమైనవిగా నిలువలేదు. ఈలోగా 1801 ఒడంబడికతో నెల్లూరుతో సహా కర్ణాటకమంతా కంపెనీ వశమైపోయింది. 1855లో చివరి నవాబు గులాం గౌస్ ఖాన్ సంతానం లేక మరణించగా పదవినే రద్దు చేశారు. మహలు వేలానికి వచ్చింది, మద్రాసు ప్రభుత్వమే కొనుక్కొన్నది. 2012 జనవరిలో అందులోని ఖల్సా మహలు అగ్నికి ఆహుతి కాగా మళ్ళీ బాగు చేయించారు.

అక్కడి నుండి ట్రిప్లికేన్‌లోని వాలాజా మసీదు ఎంతో దూరం లేదు. తీరిక లేనివారు మహలు మానుకొన్నా ఇది మానరాదని నా మనవి. 1795లో పూర్తిగా రాతితో కట్టిన మసీదు ఇది. లక్నో ఫిరంగీ మహలు నుండి వాలాజా ఆహ్వానంపై వచ్చిన బహ్రుల్ ఉలూం మౌలానా అబ్దుల్ అలీ సమాధి ఈ ఆవరణలోనే ఉన్నది. ఖాయిదే మిల్లత్ ముహమ్మద్ ఇస్మాయిల్ సాహెబును కూడా 1972లో ఇక్కడే ఖననం చేశారు.

లోపల మెహ్రాబు పైన, నిర్మాణ సంవత్సరాన్ని అక్షరాల్లో ఇమిడ్చిన పారసీ శాసనం కనబడుతుంది. దాన్ని రచించినవాడు నవాబు కొలువులోని మున్షీ, రాజా మఖ్ఖన్‌లాల్ ఖిరద్ అనే హిందువు.