గొంగడి కప్పుకున్న పాట: నల్లగొండ గొల్లసుద్దుల పుట్టుపూర్వోత్తరాలు

పేద కళాకారుల ఆకలి, ప్రేమ, రోగం సంగీత నాటకానికి ఇతివృత్తం కావడం 19వ శతాబ్దపు పారిస్ నగరంతో ముడిపడిన చరిత్ర. ఫ్రెంచి రచయిత అన్రీ ముర్జే తానెరిగిన అద్దెగదుల బతుకును 1840లలో పత్రికా కథలుగా రాయగా, సంగీతకర్త పుచ్చీని వాటిని ‘లా బొయేమ్’ అనే ఒపెరాగా, అంటే మాటల స్థానంలోనూ పాటే నడిచే నాటకంగా మలిచాడు; అది 1896లో ఇటలీలోని టూరిన్‌లో తొలిసారి ప్రదర్శితమైంది. సరిగ్గా నూరేళ్లకు న్యూయార్క్‌లో జొనాథన్ లార్సన్ అదే కథను ‘రెంట్’ పేరుతో తిరగరాసి, క్షయ ఉన్నచోట ఎయిడ్స్‌ను నిలిపి, తొలి ప్రదర్శన చూడకుండానే కన్నుమూశాడు. తెలంగాణలోని నల్లగొండ, పాలమూరు మెట్టసీమలో మాత్రం ఈ వ్యవహారం తలకిందులుగా నడిచింది: కళాకారుని లేమి కథావస్తువు కాలేదు, లేమిలో ఉన్న కళాకారుడే రైతుకూలీల గోడును ఆడిపాడాడు.

అందుకు చేతికందిన రూపాల్లో గొల్లసుద్దులు ఒకటి. పశుపాలకుల వీరుడైన కాటమరాజు గాథలను గానం చేసే సంప్రదాయం నుంచి ఎదిగిన ఈ ప్రక్రియలో ప్రధాన కథకుడు పాట ఎత్తుకుంటే వంతలు, అనగా పల్లవి అందుకుంటూ నడుమ ప్రశ్నలు, ఎకసెక్కాలు విసిరే సహగాయకులు, కథను ముందుకు నెడతారు. వేషమంటే నల్లగొర్రెల ఉన్నితో నేసిన గొంగడి, చేతికర్ర, కాళ్లకు గజ్జెలు. గొంగడిని ఒక మూల మడిచి నెత్తిన కొప్పెర పెట్టుకుంటే కాపరి వేషం సిద్ధమైనట్టే. తెర, దీపాలు, మేళం అక్కర్లేని ఈ ఆటకు రచ్చబండ చాలు, పోలీసులు వస్తున్నారన్న కబురు అందితే క్షణంలో మామూలు జనంలో కలిసిపోవచ్చు. దీని రాజకీయ బలమంతా బహుశా ఈ పేదరికంలోనే ఉంది.

ఆ బలాన్ని గుర్తించి వాడుకున్నవారిలో మోత్కూరు దగ్గరి పాలడుగులో పేద చేనేత కుటుంబంలో పుట్టి, సుద్దాల గ్రామం పేరుతో ప్రసిద్ధుడైన సుద్దాల హనుమంతు ముఖ్యుడు. నిజాం పాలనలోని తెలంగాణలో ప్రజల హక్కులకై సాగిన ఆంధ్రమహాసభ ఉద్యమంలోకి వచ్చిన ఆయన గొల్లసుద్దులు, బుర్రకథ వంటి రూపాల్లోకి వెట్టిచాకిరీని, అంటే కూలి ఇవ్వకుండా దొరలు బలవంతంగా చేయించుకునే పనిని, కథావస్తువుగా తెచ్చాడు. 1946 జూలై 4న అప్పటి నల్లగొండ జిల్లాలోని కడవెండిలో దొరను ఎదిరించిన రైతుల ఊరేగింపులో దొడ్డి కొమరయ్య దొర మనుషుల తుపాకి గుండుకు బలికాగా, కొమరయ్య గొర్రెలకాపరుల ఇంటి బిడ్డ కావడం వల్ల గొంగడి వేషానికి అంతకుముందు లేని అర్థం వచ్చి చేరింది. కోస్తాలో 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి ఇదే కాలంలో జానపద రూపాలను ఉద్యమ ప్రచారానికి మళ్లించింది. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు తెలంగాణ రైతు పోరాటంపై రాసిన ‘మా భూమి’ నాటకాన్ని మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. ఆ నాటకం పేరునే పెట్టుకున్నా, కిషన్ చందర్ ఉర్దూ నవల ఆధారంగా గౌతమ్ ఘోష్ తీసిన సినిమాలో హనుమంతు పసులకాపరి పిల్లవాడిపై రాసిన పాట చేరి, ఆ రైతు పోరాటం ముగిసిన సుమారు మూడు దశాబ్దాలకు కొత్త తరానికి అందింది.

ఇన్ని బాధలను పాటకట్టిన హనుమంతు తన బాధను ఇతివృత్తం చేసుకోలేదు. చివరి దశలో ఆయన చేపట్టినది ‘వీర తెలంగాణ’ యక్షగానం, అంటే పద్యాలు, దరువులు, సంవాదాలతో రాత్రంతా సాగే వీధినాటకం. 1982లో క్యాన్సర్‌తో మరణించేనాటికి ఆయన దృష్టి ఆ పోరాటగాథ మీదనే ఉంది.