ఐదడుగుల దగ్గర మొదలయ్యే లెక్క

ఎత్తెంత, ఆడా మగా అని రెండే ప్రశ్నలడిగి "మీరు ఇన్ని కేజీలుండాలి" అని తేల్చేసే కాలిక్యులేటర్లు మనందరం ఎప్పుడో ఒకప్పుడు వాడే ఉంటాం. చాలావాటిలో లోపలి కోడు మహా అయితే నాలుగు లైన్లు. మగవాళ్ళకి 50 కేజీలు, ఆడవాళ్ళకి 45.5, ఐదడుగుల పైన ఒక్కో అంగుళానికీ 2.3 కలుపుకోవడం. అంతే! ఎవడో హార్డ్ కోడ్ చేసిపోయిన అంకెల్ని చూసి రోజూ తిట్టుకునే జాతి మనది కాబట్టి, వీటి పుట్టుక కూడా కాస్త తవ్వి చూద్దాం.

ఈ ఫార్ములా డివైన్ అనే ఆయన 1974లో ఇచ్చింది. ఎవరెంత బరువుంటే ఆరోగ్యమో చెప్పడానికి కాదు, జెంటామైసిన్ అనే మందు డోసు లెక్కేయడానికి!

అంతకు ముందు నుంచీ ఈ గొడవ బాగా పట్టింది బీమా కంపెనీలకి. పాలసీదారు తొందరగా పోతే నష్టం వాళ్ళకే మరి. అమెరికాలో మెట్రోపాలిటన్ లైఫ్ కంపెనీ 1940ల్లో ఒకసారి, 1959లో ఇంకోసారి ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ వేరువేరుగా బరువుల పట్టికలు వేసింది. 1959 పట్టికలో ఎత్తు చెప్పుల్తో సహా... మగవాళ్ళకి అంగుళం మడమ, ఆడవాళ్ళకి రెండంగుళాలు. బీమా మన డెల్టాకీ కొత్త కాదు లెండి. స్వయానా డాక్టరైన పట్టాభి సీతారామయ్య గారు 1925లోనే మచిలీపట్నంలో ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ పెట్టారు. 1956లో దేశంలోని 245 సంస్థల జీవిత బీమా వ్యాపారం ఎల్.ఐ.సి.లో కలిసిపోయింది. పాలసీ ఫారంలో ఎత్తు, బరువు గళ్ళు మాత్రం ఇప్పటికీ ఉన్నాయి.

ఇక బీఎంఐ సంగతి. బరువుని ఎత్తు వర్గంతో భాగించడం 1830ల్లో బెల్జియం ఖగోళ శాస్త్రవేత్త క్వెట్లే ఆలోచన. ఆయన వెతికింది "సగటు మనిషి"ని, ఆరోగ్యవంతుణ్ణి కాదు. దానికి 1972లో బీఎంఐ అని పేరు పెట్టిన ఆన్సెల్ కీస్ పరిశీలించింది ఏడువేల పైచిలుకు మగవాళ్ళని. ఒక్క ఆడమనిషి లేదు. అయినా ఇవాళ ఆడా మగా అందరికీ అదే కొలత.

ఇందులో మనకేంటి నష్టం అంటారా? వన్ టౌన్ లో కాళేశ్వరరావు మార్కెట్ దగ్గర మా బాబాయికి కొట్టుంది. ఎత్తు ఐదడుగుల ఆరంగుళాలు, బరువు 64 కేజీలు. బీఎంఐ 22.8, ఏ చార్టులో చూసినా నార్మలే. 41 ఏళ్ళకే షుగరొచ్చింది. "సన్నగా ఉన్నవాడికి షుగరేంటి?" అని బజారంతా ఆశ్చర్యపోయింది. నడుము కొలిస్తే 94 సెంటీమీటర్లు.

2004లో లాన్సెట్ లో ఇద్దరు డాక్టర్ల ఫొటో వచ్చింది. పుణే డాక్టర్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ యుడ్కిన్. ఇద్దరి బీఎంఐ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం మనాయనకి 21.2 శాతం, ఆయనకి 9.1. అందుకే 2009లో మన దేశపు నిపుణులు హద్దులు కిందకి దించారు: 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం, నడుము మగవాళ్ళకి 90, ఆడవాళ్ళకి 80 సెంటీమీటర్లు. 170 సెంటీమీటర్ల మనిషికి 25 అంటే 72 కేజీలు, 23 అంటే 66న్నర. అమెరికా చార్టు చూసుకుని ధీమాగా ఉండే మన ఐటీ జనం చాలామంది ఈ మధ్యలోనే ఇరుక్కుని ఉంటాం.

మరి హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ లెక్కో? 2020లో వాళ్ళిచ్చిన ప్రమాణం మగవాళ్ళకి 177 సెంటీమీటర్లు, 65 కేజీలు. ఆడవాళ్ళకి 162, 55. అది కూడా తిండి, పోషకాల అవసరం లెక్కగట్టడానికి పెట్టుకున్న కొలమానమే గానీ, అందరూ అందుకోవాల్సిన లక్ష్యం కాదు. మన దేశంలో ఆడవాళ్ళ సగటు ఎత్తు దాదాపు 152 సెంటీమీటర్లు, అంటే ఐదడుగులు. డివైన్ లెక్క మొదలయ్యేదే అక్కడ! మన అమ్మల్లో, అమ్మమ్మల్లో సుమారు సగం మంది ఆ గుమ్మం దాకా కూడా రారు. ఇఫ్ రాసి ఎల్స్ రాయని కోడన్నమాట.

నేను చెప్పేదల్లా ఒకటే. ప్రతి అంకె వెనకా ఎవరిదో ఒక అవసరం ఉంది, అది మన అవసరం కాకపోవచ్చు. ఎత్తుని బట్టి బరువు చూసుకోండి, తప్పులేదు. దాంతోపాటు ఇంట్లో కుట్టుమిషన్ సొరుగులో ఉండే టేపు తీసి నడుము కూడా కొలవండి. ఓ రక్తపరీక్ష చేయించండి. మీకే కాదు, చార్టులో లేని మీ అమ్మగారికి కూడా.