కార్డు పెట్టె నుంచి తెర వరకు: విశ్వవిద్యాలయ గ్రంథాలయ సేవల ఆధునికీకరణ, తెలుగు గ్రంథసూచిక – చారిత్రక పరిశీలన

సారాంశం:

భారతీయ విశ్వవిద్యాలయ గ్రంథాలయాలు గత శతాబ్ద కాలంలో మూడు పెద్ద మార్పులను చూశాయి. తాళం వేసిన బీరువాల స్థానంలో అందరికీ అందే అరలు వచ్చాయి. కార్డు సూచిక కంప్యూటరుకు మారింది. సొంత గ్రంథ సంపద పక్కన చందాతో పొందే అంతర్జాల వనరులు చేరాయి. ప్రతి మార్పులోనూ పాఠకుడికి కొత్త సౌకర్యం లభించింది. అయితే తెలుగు గ్రంథాలు సూచికలో కనబడే తీరు యంత్రాలు మారినంతగా మారలేదు. ఈ పరిణామాన్ని చారిత్రక క్రమంలో పరిశీలించి, తెలుగు పరిశోధనపై దాని ప్రభావాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: విశ్వవిద్యాలయ గ్రంథాలయం, వర్గీకరణ, సూచీకరణ, రంగనాథన్, ఇన్‌ఫ్లిబ్‌నెట్, యూనికోడ్, శోధ్‌గంగ.

1. ఉపోద్ఘాతం

పరిశోధకుడు గ్రంథాలయంలో మొదట చేరేది పుస్తకం దగ్గరికి కాదు, సూచిక దగ్గరికి. అరలో ఉన్న పుస్తకం సూచికలో లేకపోతే, ఉన్నా వేరొక వర్ణక్రమంలో దాగి ఉంటే, ఆ పరిశోధకుడికి సంబంధించినంత వరకు ఆ పుస్తకం లేనట్టే. గ్రంథాలయ ఆధునికీకరణ గురించి జరిగే చర్చలు తరచుగా భవనాలు, కంప్యూటర్లు, బార్‌కోడ్‌లు, చందాల చుట్టూ తిరుగుతాయి. ఇవన్నీ అవసరమే. వీటి వల్ల ఎవరికి ఏ పుస్తకం దొరికింది, ఎవరికి దొరకలేదు అన్నది అంతకన్నా మౌలికమైన ప్రశ్న.

2. మద్రాసులో ఆరంభం

ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో ఏర్పడేవరకు కోస్తా జిల్లాల కళాశాలలు మద్రాసు విశ్వవిద్యాలయ పరిధిలోనే ఉండేవి. ఆ విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారిగా 1924 జనవరిలో నియమితుడైన ఎస్.ఆర్. రంగనాథన్ అప్పటివరకు గణితాచార్యుడు. పాఠకులు అంతగా రాని ఆ గదుల్లోని ఒంటరితనాన్ని భరించలేక తిరిగి బోధనకే వెళ్లిపోవాలని ఆయన తొలిరోజుల్లో ప్రయత్నించారు. అదే ఏడాది శిక్షణ కోసం ఇంగ్లండు వెళ్లి, లండన్ యూనివర్సిటీ కాలేజీలో బెర్విక్ సేయర్స్ వద్ద చదువుకున్నారు. అక్కడి గ్రంథాలయాలను చుట్టి చూశాక ఆయన దృష్టి పూర్తిగా మారింది.

తిరిగి వచ్చాక ఆయన చేసిన ముఖ్యమైన మార్పు పాఠకులను నేరుగా అరల దగ్గరికి రానివ్వడం. అంతకుముందు పాఠకుడు చీటీ రాసి ఇస్తే సిబ్బంది పుస్తకం తెచ్చి ఇవ్వడమే చాలాచోట్ల ఆనవాయితీ. పుస్తక సంరక్షణే గ్రంథపాలకుడి ధర్మమన్న భావన ఆ ఆనవాయితీకి మూలం. రంగనాథన్ 1931లో ప్రకటించిన అయిదు సూత్రాలు ఈ భావనను తలకిందులు చేశాయి. గ్రంథం ఉన్నది వాడకానికేననీ, ప్రతి పాఠకుడికీ తగిన గ్రంథం, ప్రతి గ్రంథానికీ తగిన పాఠకుడు చేరాలనీ, పాఠకుడి కాలం వృథా కారాదనీ, గ్రంథాలయం నిత్యం పెరిగే ప్రాణి వంటిదనీ ఆ సూత్రాల సారం.

తెలుగునాట ఈ ఆలోచనకు అప్పటికే అనుకూలమైన నేల ఉంది. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. అయ్యంకి వెంకటరమణయ్య వంటి కార్యకర్తలు పల్లెల్లోకి పుస్తకాన్ని తీసుకువెళ్లారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1935లోనే గ్రంథాలయ శాస్త్రంలో శిక్షణ ఆరంభించి, ఈ రంగంలో దేశంలోని తొలి విశ్వవిద్యాలయాల సరసన నిలిచింది. పౌర గ్రంథాలయోద్యమం ఇచ్చిన ఉత్సాహం, విశ్వవిద్యాలయం ఇచ్చిన శాస్త్రీయ శిక్షణ తెలుగు ప్రాంతంలో దాదాపు ఒకే కాలంలో నడిచాయి.

3. వర్గీకరణలో తెలుగు స్థానం

దేశంలోని అత్యధిక గ్రంథాలయాలు అనుసరించిన డ్యూయీ దశాంశ వర్గీకరణలో సాహిత్యానికి 800 శ్రేణి కేటాయించారు. అందులో 810 నుంచి 880 వరకు అమెరికన్, ఇంగ్లీషు, జర్మానిక్, ఫ్రెంచి, ఇటాలియన్, స్పానిష్, లాటిన్, గ్రీకు సాహిత్యాలకు చెందుతాయి. మిగిలిన ప్రపంచ భాషలన్నీ 890లో సర్దుకోవాలి. తెలుగు సాహిత్యం సంఖ్య 894.827. కవిత్వమా, నాటకమా, నవలా అన్న విభజన ఈ ఆరు అంకెల తర్వాతే మొదలవుతుంది. ఇంగ్లీషు కవిత్వానికి 821 సరిపోతుంది. తెలుగు శాఖా గ్రంథాలయంలో మాత్రం వేల పుస్తకాల వెన్ను మీద ఒకే దీర్ఘ సంఖ్య కనిపిస్తుంది. దాంతో వర్గ సంఖ్య చేయవలసిన పనిని గ్రంథకర్త పేరు మీద వేసే గుర్తు మోయవలసి వస్తుంది.

రంగనాథన్ 1933లో వెలువరించిన ద్విబిందు వర్గీకరణ ఈ అసమానతను కొంతవరకు సరిదిద్దింది. లండన్‌లో ఒక దుకాణంలో చూసిన మెక్కానో ఆటసామాను ఆయనకు ఈ ఊహ ఇచ్చింది. చిన్నచిన్న ముక్కలను కలిపి ఎన్ని ఆకృతులైనా కట్టవచ్చు; అలాగే విషయంలోని అంశాలను విడదీసి, ద్విబిందువులతో కలిపి ఏ విషయానికైనా సంఖ్య నిర్మించవచ్చు. ఇందులో సాహిత్య గ్రంథానికి భాష, ప్రక్రియ, గ్రంథకర్త, కృతి అన్న క్రమం ఉంటుంది. అయితే గ్రంథకర్తను సూచించేది ఆయన జన్మ సంవత్సరం. ఆధునిక రచయితలకు ఇది చక్కగా పనిచేస్తుంది. జన్మ సంవత్సరం నిర్ధారణ కాని ప్రాచీన తెలుగు కవుల విషయంలో, సాహిత్య చరిత్రకారులు తేల్చని కాలనిర్ణయాన్ని గ్రంథపాలకుడు తేల్చవలసిన ఇబ్బంది ఏర్పడుతుంది. సాంకేతిక నిర్ణయంగా కనిపించేది నిజానికి భాషా సాహిత్యాల పరిజ్ఞానం కోరే నిర్ణయమని ఈ ఉదాహరణ తెలుపుతుంది.

4. స్వాతంత్ర్యానంతర విధానాలు, నిత్య నిర్వహణ

1948లో సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన ఏర్పడిన విశ్వవిద్యాలయ విద్యా సంఘం, విశ్వవిద్యాలయ వ్యయంలో ఆరుంబావు శాతం లేదా విద్యార్థికి 40 రూపాయల చొప్పున గ్రంథాలయానికి కేటాయించాలని సూచించింది. అంతకుముందు 1931 నుంచి 1936 వరకు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షుడిగా పనిచేసిన రాధాకృష్ణన్‌కు కొత్త విశ్వవిద్యాలయపు అవసరాలు ప్రత్యక్షంగా తెలుసు. 1964-66 నాటి కొఠారి కమిషన్ ఈ లెక్కను విద్యార్థికి 25 రూపాయలు, అధ్యాపకుడికి 300 రూపాయలుగా ప్రతిపాదించింది. మధ్యలో 1957లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం రంగనాథన్ అధ్యక్షతనే గ్రంథాలయ కమిటీని నియమించింది. నివేదికలు ఇలా వరుసగా వచ్చినా, కొరత వచ్చినప్పుడు ముందుగా కోతపడే పద్దుల్లో గ్రంథాలయం ఒకటిగా ఉండడం విద్యారంగంలోని వారికి పరిచితమే.

ఈ దశలో గ్రంథాలయం నడిచిన తీరు పూర్తిగా చేతిపని. కొన్న పుస్తకం పరిగ్రహణ పట్టికలోకి ఎక్కేది. దానికి వర్గ సంఖ్య వేసి, గ్రంథకర్తకు, శీర్షికకు, విషయానికి విడివిడిగా కార్డులు రాసేవారు. పుస్తకం ఇచ్చేటప్పుడు పుస్తకపు చీటీని పాఠకుడి టికెట్టులో ఉంచి, గడువు తేదీ ప్రకారం వరుసలో పెట్టేవారు. ఈ పద్ధతి నెమ్మదైనదే. అయితే తెలుగు పుస్తకానికి తెలుగు లిపిలోనే కార్డు రాసే వెసులుబాటు ఇందులో ఉంది. చేతిరాతకు, తెలుగు టైపు యంత్రానికి లిపి అడ్డంకి కాలేదు. తర్వాతి దశలో కొంతకాలం పోగొట్టుకున్నది సరిగ్గా ఈ వెసులుబాటునే.

5. కంప్యూటరీకరణ: వేగం, లిపి

విశ్వవిద్యాలయ గ్రంథాలయాలను ఒక జాలంగా కలపాలన్న ఆలోచన 1980ల చివర రూపుదిద్దుకుని, 1991లో ఇన్‌ఫ్లిబ్‌నెట్ కార్యక్రమంగా మొదలైంది. 1996లో అది స్వతంత్ర అంతర్విశ్వవిద్యాలయ కేంద్రమైంది. ఆ కేంద్రం రూపొందించిన సోల్ అనే సాఫ్ట్‌వేర్ 2000లో వచ్చింది. అదే సంవత్సరం న్యూజిలాండ్‌లో ఒక చిన్న ప్రాంతీయ గ్రంథాలయం కోసం తయారైన కోహా వాడకంలోకి వచ్చింది. మావోరీ భాషలో కానుక అని అర్థమిచ్చే పేరున్న ఈ ఉచిత సాఫ్ట్‌వేర్ క్రమంగా భారతీయ కళాశాలలకూ చేరింది. బార్‌కోడ్‌తో పుస్తకాల జారీ నిమిషాల నుంచి క్షణాలకు తగ్గింది. విశ్వవిద్యాలయాల గ్రంథ వివరాలను ఒకచోట చేర్చే ఇండ్‌క్యాట్ వల్ల వాల్తేరులో కూర్చుని మరో రాష్ట్రంలోని పుస్తకం ఉనికి తెలుసుకోగలిగే స్థితి ఏర్పడింది.

తెలుగు గ్రంథాల విషయంలో కథ ఇంకోలా నడిచింది. భారతీయ లిపులకు ఇస్కీ సంకేత విధానం, 1991లో యూనికోడ్ వచ్చినా, గ్రంథాలయ సాఫ్ట్‌వేర్లు యూనికోడ్‌ను సహజంగా స్వీకరించడానికి చాలా ఏళ్లు పట్టింది. సోల్ రెండో రూపం యూనికోడ్‌తో వచ్చింది 2009లో. ఈ మధ్యకాలంలో తెలుగు శీర్షికలను రోమన్ లిపిలో ఎక్కించడం సాధారణమైంది. ఉచ్చారణ గుర్తులతో కూడిన ప్రామాణిక లిప్యంతరీకరణ ఉన్నప్పటికీ, సాధారణ మీటల పలక మీద ఆ గుర్తులు లేవు. ఫలితంగా కల, కళ, కాల అనే మూడు వేర్వేరు మాటలు తెర మీద ఒకే నాలుగు రోమన్ అక్షరాలుగా మారిపోయే పరిస్థితి వచ్చింది. శాస్త్రి అనే పేరును ఒకరు ఒక్క 'స'కారంతో, మరొకరు దాని పక్కన హకారం చేర్చి రాస్తారు. విశ్వనాథ అన్న ఇంటిపేరుకూ ఇలాగే కనీసం మూడు రూపాలు సాధ్యం. ఉమ్మడి సూచికలో ఒకే రచయిత ముగ్గురుగా చీలిపోతే, ఆయన రచనల పూర్తి జాబితా పరిశోధకుడికి ఎన్నటికీ ఒక్కచోట కనిపించదు.

పేరు వరుస మరొక చిక్కు. పాశ్చాత్య సూచీకరణ నియమాలు ఇంటిపేరు చివర ఉంటుందన్న ఊహతో దాన్ని ముందుకు తెస్తాయి. తెలుగు పేరులో ఇంటిపేరు ముందే ఉంటుంది. నియమాన్ని యాంత్రికంగా పాటించినచోట విశ్వనాథ సత్యనారాయణ 'సత్యనారాయణ' కింద చేరి, ఆ పేరున్న ఇతరులందరితో కలిసిపోతారు. తెలుగు లిపి అందుబాటులోకి వచ్చాక కూడా కొన్ని సమస్యలు మిగిలాయి. చిలుకూరి వీరభద్రరావు 'ఆంధ్రుల చరిత్రము'ను 'చరిత్రం' అని వెతికితే, మువర్ణకాన్ని, సున్నను ఒకటిగా గుర్తించని యంత్రం లేదని చెబుతుంది.

6. అంతర్జాల వనరులు: సొంతం, చందా

2003లో ఆరంభమైన యూజీసీ-ఇన్‌ఫోనెట్, కళాశాలల కోసం వచ్చిన ఎన్-లిస్ట్ వంటి పథకాలు 2015లో ఈ-శోధ్‌సింధు కింద ఒకటయ్యాయి. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన 'ఒకే దేశం, ఒకే చందా' పథకం 2025 నుంచి మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించింది. 30 మంది అంతర్జాతీయ ప్రచురణకర్తల సుమారు 13,000 పత్రికలను 6,300కు పైగా సంస్థలకు అందించడం దీని లక్ష్యం. విజ్ఞానశాస్త్ర శాఖలకు, ముఖ్యంగా చిన్న పట్టణాల్లోని ప్రభుత్వ సంస్థలకు ఇది నిస్సందేహంగా పెద్ద మేలు.

ఇందులో రెండు అంశాలు గమనించదగినవి. కొన్న సంపుటం చందా ఆగినా అరలోనే ఉంటుంది. చందాతో పొందే అందుబాటు మాత్రం ఒప్పందపు షరతులకు లోబడి ఉంటుంది. రెండవది, తెలుగు పరిశోధన ఈ అంతర్జాతీయ జాబితాల్లో వెలువడేది కాదు. 1924 నుంచి 1991 వరకు నడిచిన భారతి వంటి పత్రికల్లోని శాసన, ఛందో, సాహిత్య చరిత్ర వ్యాసాలే నేటికీ తెలుగు పరిశోధకుడికి ప్రాథమిక ఆధారాలు. వాటికి వ్యాసాల వారీ సమగ్ర సూచిక ఉండడం ఆ పరిశోధకుడికి ఏ విదేశీ చందాకన్నా ముఖ్యం.

రాజ్ రెడ్డి చొరవతో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం నుంచి మొదలైన పది లక్షల పుస్తకాల ప్రాజెక్టులో భారతీయ భాగస్వామ్యం డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాగా రూపొందింది. హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ ఆ కృషిలో ప్రధాన కేంద్రాల్లో ఒకటి. వేలాది తెలుగు గ్రంథాలు అలా తెరకెక్కాయి. వాటి వివరాలు మాత్రం తప్పులతో కూడిన రోమన్ లిపిలో నమోదయ్యాయి. తర్వాత ఆ జాలస్థలి మూతపడింది. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో నకళ్లు నిలిచినందువల్లనే ఆ సంపదలో అధిక భాగం నేడు పాఠకులకు దక్కుతోంది. అంకీకరణ దానంతటదే సంరక్షణ కాజాలదని ఈ అనుభవం బోధిస్తుంది.

7. శోధ్‌గంగ: దొరికీ కనబడని సిద్ధాంత గ్రంథాలు

పరిశోధక పట్టాల ప్రమాణాలపై యూజీసీ 2009లో తెచ్చిన నియమావళి, సిద్ధాంత గ్రంథాల ఎలక్ట్రానిక్ ప్రతిని సమర్పించడం తప్పనిసరి చేసింది. వాటి నిలయమే శోధ్‌గంగ. ఒకప్పుడు విశ్వవిద్యాలయపు అరలో ఒకే ప్రతిగా ఉండిపోయిన పరిశోధన నేడు ఎవరికైనా అందుతోంది. అయితే తెలుగు సిద్ధాంత గ్రంథాల్లో అనేకం డీటీపీ కేంద్రాల్లో అను వంటి యూనికోడేతర ఫాంట్లతో కూర్చినవి. కాగితం మీద అవి ముచ్చటగా ఉంటాయి. లోపలి సంకేతాలు తెలుగు అక్షరాలకు చెందినవి కానందువల్ల, యంత్రం వాటిని అర్థంలేని గుర్తులుగా చదువుతుంది. మరికొన్ని కేవలం ఛాయాచిత్రాలు. వీటిలో ఒక మాటను వెతకడం సాధ్యం కాదు. ఒక కవిపై ఏ విశ్వవిద్యాలయంలో ఎవరు ఏమి నిర్ధారించారో తెలియకపోతే అదే అంశంపై మళ్లీ మళ్లీ పని జరుగుతుంది. పూర్వ పరిశోధకుడి శ్రమకు రావలసిన గుర్తింపు రాదు. యంత్రం చదవలేని పాఠంలో గ్రంథచౌర్యాన్ని గుర్తించడమూ కష్టమే.

8. ముగింపు

శతాబ్ది చరిత్రను గమనిస్తే, యంత్రం వచ్చిన ప్రతిసారీ ముందుగా బాగుపడింది జారీ విభాగం. చివరగా బాగుపడవలసి మిగిలింది భారతీయ భాషల సూచిక. దీనికి పరిష్కారాలు ఇప్పటికే చేతిలో ఉన్నాయి. మార్క్ నమూనాలోని 880 క్షేత్రం రోమన్ నమోదుకు పక్కనే మూల లిపిని చేర్చడానికి ఉద్దేశించిందే. తెలుగు రచయితల పేర్లకు, కలం పేర్లకు ఒక ఉమ్మడి ప్రామాణిక జాబితాను రెండు రాష్ట్రాల విశ్వవిద్యాలయాలు కలిసి నిర్మించుకోవచ్చు. సిద్ధాంత గ్రంథాన్ని యూనికోడ్‌లోనే సమర్పించాలన్న ఒక్క నిబంధన రాబోయే తరాల శోధనను సులభం చేస్తుంది. పాత పత్రికల వ్యాససూచికల తయారీ ఎం.ఏ., పీహెచ్.డి. స్థాయిల్లో గుర్తింపు పొందవలసిన పరిశోధన.

ఈ పనులకు కావలసింది ఖరీదైన పరికరాల కన్నా తెలుగు తెలిసిన సూచీకర్త, ఆయనతో కలిసి పనిచేసే తెలుగు శాఖ. మద్రాసు గ్రంథాలయపు గదుల్లో ఒంటరిగా కూర్చున్న గణితాచార్యుడు తొంభై ఏళ్ల కిందట తేల్చిన విషయం నేటికీ వర్తిస్తుంది: గ్రంథానికి తగిన పాఠకుడు చేరాలి. చేరాలంటే ఆ గ్రంథం తన సొంత లిపిలో, తన సొంత పేరుతో కనబడాలి.